కప్పు మీద మన పేరు రాస్తారు, కప్పులో ఏముందో రాయరు

స్టార్‌బక్స్ కాఫీ దుకాణంలో పానీయం కోరినవారి పేరును కప్పు మీద రాసి, అది సిద్ధమైన తరువాత ఆ పేరుతోనే పిలవడం ఆనవాయితీ. ఆ ఆప్యాయతలోని వ్యాపార చాతుర్యాన్ని మెచ్చుకోవలసిందే. వైద్యునిగా నా ప్రశ్న మాత్రం వేరు. తాగేవారి పేరును అంత శ్రద్ధగా రాసే చేయి, అదే కప్పులో ఎన్ని చెంచాల చక్కెర ఉందో, ఎంత కెఫీన్ ఉందో ఎందుకు రాయదు?

అమెరికాలోని సియాటిల్ నగరంలో 1971లో ఒక చిన్న కాఫీగింజల దుకాణంగా మొదలైన ఈ సంస్థకు నేడు ఎనభైకి పైగా దేశాలలో దాదాపు 40,000 శాఖలున్నాయి. టాటా సంస్థతో చేయి కలిపి 2012 అక్టోబరులో ముంబైలో తొలి శాఖను తెరిచి మన దేశంలోనూ అడుగుపెట్టింది. ఇంత విస్తరించిన సంస్థపై విమర్శలు రావడం సహజం. చక్కెర, పన్నులు, కార్మికుల వేతనాలు, రైతుల వాటా, వర్ణవివక్ష అంటూ గత పాతికేళ్లలో దానిపై వచ్చిన ఆరోపణల జాబితా చాంతాడంత ఉంది. వాటిని విడివిడిగా చదివితే ఒకదానితో మరొకదానికి పొంతన లేనట్లే కనిపిస్తుంది. రోగి చెప్పే పది బాధలను విని వాటి వెనుక ఉన్న ఒక్క వ్యాధిని వెదకడం వైద్యుని అలవాటు. నాకు కనిపించిన వ్యాధి ఇది: ఈ సంస్థ అన్నిటినీ ధారాళంగా ఇస్తుంది, కొలతను మాత్రం కొనేవారి కళ్లకు ఆననివ్వదు. ఎవరైనా ఆ కొలతను బజారున పెట్టిన నాడే దిద్దుబాటుకు దిగుతుంది.

ముందుగా కాఫీకి న్యాయం చేద్దాం

నేను కాఫీకి శత్రువును కాను. 1991లో కాఫీని మూత్రాశయ క్యాన్సరుకు కారణం కావచ్చునన్న వర్గంలో చేర్చిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ, 2016లో వందలాది అధ్యయనాలను తిరిగి పరిశీలించి ఆ ముద్రను తొలగించింది. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన విస్తృత సమీక్ష, రోజుకు మూడు నాలుగు కప్పుల కాఫీ తాగేవారిలో కాలేయ వ్యాధులు, మధుమేహం, హృద్రోగ మరణాలు తక్కువగా కనిపిస్తున్నాయని చెప్పింది. ఇవి చాలావరకు జనాన్ని గమనించి రాసిన అధ్యయనాలు కనుక కాఫీయే వారిని కాపాడిందని రూఢిగా చెప్పలేము. అయినా, మితంగా తాగిన కాఫీ ఆరోగ్యవంతునికి హాని చేయదని చెప్పడానికి ఆ ఆధారం చాలు. గర్భిణుల విషయంలో ఆ సమీక్షే హెచ్చరిక చేసిందన్నది మరువరాదు.

అయితే ఆ అధ్యయనాలలోని కాఫీ వేరు, మీగడ గోపురం కింద, చక్కెర పాకంలో మునిగి వచ్చే పానీయం వేరు. మొదటిదానికి దక్కిన మంచిపేరును రెండవదానికి అంటగట్టి అమ్మడం మీదనే నా అభ్యంతరం.

ఇరవై ఐదు చెంచాలు

2016 ఫిబ్రవరిలో బ్రిటన్‌కు చెందిన 'యాక్షన్ ఆన్ షుగర్' అనే సంస్థ అక్కడి ప్రధాన కాఫీ దుకాణాలలో అమ్మే 131 రకాల రుచుల వేడి పానీయాలను పరిశీలించింది. సీసాల మీద, పొట్లాల మీద వేసే రంగుగుర్తులను వీటికీ వర్తింపజేస్తే 98 శాతం పానీయాలకు చక్కెర విషయంలో ఎర్రగుర్తు పడుతుందని తేల్చింది. 35 శాతం పానీయాలలో ఒక కోకాకోలా డబ్బాలో ఉన్నంత, లేదా అంతకు మించిన చక్కెర ఉంది. ఆ జాబితాలో అగ్రస్థానం స్టార్‌బక్స్ అమ్మిన ద్రాక్ష, దాల్చినచెక్క రుచుల వేడి పండ్లపానీయానిది. దాని పెద్ద కప్పులో 99 గ్రాముల చక్కెర, అంటే 25 చెంచాలు. అదే దుకాణంలోని వైట్ చాకొలెట్ మోకాలో, మీగడతో కలిపి, 18 చెంచాలు.

మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు రోజంతటికీ 25 గ్రాములు దాటిన చక్కెరను అధికంగా పరిగణిస్తాయి. అంటే ఆ ఒక్క కప్పు నాలుగు రోజుల హద్దును ఒక పూటలో మింగించింది. అందులో చక్కెర నుంచి వచ్చే శక్తి మాత్రమే దాదాపు 400 కెలోరీలు. ఇంట్లో కాఫీలో 25 చెంచాల పంచదార వేయమని ఎవరైనా అడిగితే, అతనికి మతి చలించిందని అనుకుంటాము. దుకాణంలో అదే పనిని మనకు కనిపించకుండా చేస్తే, దానికి మురిపెంగా ఒక ఇటాలియన్ పేరు పెట్టుకుని తాగుతాము. చక్కెరను ద్రవరూపంలో తీసుకున్నప్పుడు కడుపు నిండిన తృప్తి సరిగా కలగదు. ఆ తరువాత తినే భోజనం తగ్గదు. చక్కెర పానీయాలు బరువును, మధుమేహ ముప్పును పెంచుతాయనడానికి ఆధారాలు బలంగా ఉన్నాయి.

ఆ నివేదిక వచ్చినప్పుడు సంస్థ ఏమన్నది? 2020 నాటికి తీపి పానీయాలలో కలిపే చక్కెరను 25 శాతం తగ్గిస్తామన్నది. పోషక వివరాలన్నీ దుకాణంలోనూ, అంతర్జాలంలోనూ ఉంచుతున్నామన్నది. మొదటి మాటను లెక్క చూడండి: 25 చెంచాలలో నాలుగోవంతు తీసివేస్తే ఇంకా పద్దెనిమిదికి పైనే మిగులుతాయి. ఇక రెండవ మాట. వెనుక నలుగురు వరుసలో నిలబడి ఉండగా, ఫోను తెరిచి, పానీయం పేరు వెదకి, కప్పు పరిమాణం, పాల రకం ఎంచుకుని చక్కెర లెక్క చూసుకునే ఓపిక ఎవరికుంటుంది? వెదికితే దొరికే సమాచారం వేరు, కంటికి ఎదురుగా ఉన్న సమాచారం వేరు. సిగరెట్టు పెట్టె మీది హెచ్చరికను అంతర్జాలంలో పెట్టుకుంటామని పొగాకు కంపెనీలు అంటే ఒప్పుకుంటామా?

కొలతను కంటికి ఎదురుగా పెడితే ఏమవుతుందో తెలియజెప్పిన పరిశీలన కూడా ఈ సంస్థ దుకాణాలలోనే జరిగింది. న్యూయార్కు నగరం 2008లో పెద్ద గొలుసు దుకాణాలన్నీ ధర పక్కనే కెలోరీలు చూపాలని నిర్బంధించింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు స్టార్‌బక్స్ అమ్మకాల వివరాలనే విశ్లేషించి, ఒక్కొక్క కొనుగోలులో సగటున 6 శాతం కెలోరీలు తగ్గాయని చూపారు. తగ్గుదల చాలావరకు తినుబండారాలలోనే కనిపించింది, పానీయాలలో పెద్ద మార్పు లేదు. సగటున సంస్థ లాభాలు మాత్రం తగ్గలేదు. దీనినుంచి రెండు పాఠాలు తీసుకోవాలి. కొలత చెప్పడం వల్ల వ్యాపారం మునిగిపోదు. అలాగని ఒక్క అంకె రాసినంత మాత్రాన సమస్య తీరదు, తయారీలోనే చక్కెర తగ్గాలి.

అది సాధ్యమేనని బ్రిటన్ చూపింది. 2018 ఏప్రిల్ నుంచి సీసాల్లో, డబ్బాల్లో అమ్మే తీపి శీతలపానీయాలపై చక్కెర మోతాదును బట్టి అక్కడ పన్ను వేశారు. తయారీదారులు పన్ను తప్పించుకోవడానికే పరుగున చక్కెర తగ్గించారు. కాఫీ దుకాణంలో అప్పటికప్పుడు కలిపి ఇచ్చే పానీయం ఆ పన్ను పరిధిలోకి రాలేదు. స్వచ్ఛంద వాగ్దానానికీ, చట్టానికీ ఉన్న తేడా అదే.

మోతాదు తెలియని మందు

కెఫీన్ మెదడు మీద పనిచేసే ఔషధం. పుట్టిన బిడ్డకు, ముఖ్యంగా నెలలు నిండకుండా పుట్టి ఊపిరి తీయడం మరచిపోయే శిశువుకు, దానిని మేము మందుగానే ఇస్తాము, అదీ కిలో బరువుకు ఇన్ని మిల్లీగ్రాములని లెక్కకట్టి. అదే ఔషధాన్ని కాఫీ దుకాణం ఎంత లెక్కతో ఇస్తున్నదో చూద్దాం.

2003లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒకే స్టార్‌బక్స్ శాఖలో, ఒకే పేరుగల కాఫీని, ఒకే 16 ఔన్సుల కప్పులో, వరుసగా ఆరు రోజులు కొని పరీక్షించారు. ఒక రోజు 259 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటే, మరొక రోజు 564 మిల్లీగ్రాములు ఉంది. రెట్టింపును మించిన తేడా. ఆరోగ్యవంతులైన పెద్దలు రోజుకు 400 మిల్లీగ్రాముల వరకు తీసుకోవచ్చునని అమెరికా ఆహార ఔషధ పాలనా సంస్థ అంటుంది. మన జాతీయ పోషకాహార సంస్థ హద్దు 300. ఐరోపా ఆహార భద్రతా సంస్థ గర్భిణులకు విధించిన హద్దు 200. ఆ ఆరు రోజులలో అన్నిటికన్నా తక్కువ కెఫీన్ ఉన్న కప్పు కూడా గర్భిణికి హద్దు మీరినదే.

కాఫీగింజ ప్రకృతి పండించినది, గింజకూ గింజకూ కెఫీన్ మారుతుంది కదా అని సంస్థ పక్షాన ఎవరైనా వాదించవచ్చు. నిజమే. తేడా ఉండటం నేరం కాదు. మారుతుందని తెలిసీ కప్పును పెంచుకుంటూ పోవడమే తప్పు. ఈ దుకాణపు పట్టికలో కంటికి కనబడే చిన్న కప్పు పేరు 'టాల్', అంటే పొడుగు. అది 12 ఔన్సులు, దాదాపు 355 మిల్లీలీటర్లు. దానికన్నా చిన్నది ఒకటి ఉన్నా, చాలాచోట్ల పట్టికలో రాయరు, అడిగినవారికే ఇస్తారు. ఆ పైన 16 ఔన్సులది, 20 ఔన్సులది. చల్లని పానీయాలకు 2011లో అమెరికాలో 31 ఔన్సుల కప్పును కూడా తెచ్చారు. అంటే 916 మిల్లీలీటర్లు, లీటరుకు కాస్త తక్కువ! చిన్నదానికి పెద్ద పేరు పెట్టి, పెద్దదానికి అర్థం కాని పేరు పెడితే, తాగేవారికి తాము ఎంత తాగుతున్నదీ తెలియకుండా పోతుంది.

మన ఇళ్లలోని స్టీలు గ్లాసుతో పోల్చి చూడండి. 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుందని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. మధ్యాహ్నం తాగిన కెఫీన్‌లో సగం శరీరాన్ని వీడటానికే ఇంచుమించు ఐదు గంటలు పడుతుంది. గర్భిణులలో ఇంకా ఎక్కువ. సాయంత్రం ఐదింటికి పెద్ద కప్పు తాగినవారు రాత్రి పదింటికి కూడా చిన్న కప్పు కాఫీ తాగినట్లే లెక్క. నిద్ర పట్టడం లేదని, గుండె దడగా ఉందని, చేతులు వణుకుతున్నాయని వచ్చే యువతీ యువకులను వైద్యులు మొదట అడగవలసిన ప్రశ్న కాఫీ ఎన్ని కప్పులని కాదు, ఎంత పెద్ద కప్పు అని.

మన దేశంలో సీసాల్లో అమ్మే కెఫీన్ పానీయాల మీద, పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు తగదని హెచ్చరిక ముద్రించడం తప్పనిసరి. అంతకు మించిన కెఫీన్ ఉన్న కాఫీ కప్పు మీద మాత్రం మన పేరు తప్ప మరేమీ ఉండదు.

అన్ని ఆరోపణలూ నిజం కావు

విమర్శించేవారికి కూడా కొలత ఉండాలి. 2010లో కాలిఫోర్నియాలో ఒక సంస్థ, కాఫీగింజలు వేయించేటప్పుడు అక్రిలమైడ్ అనే రసాయనం పుడుతుంది కనుక కప్పుల మీద క్యాన్సర్ హెచ్చరిక ఉండాలని స్టార్‌బక్స్ సహా పలు కంపెనీలపై దావా వేసింది. 2018లో న్యాయమూర్తి దావా వేసినవారి పక్షాన నిలిచారు. మన పత్రికలలోనూ కాఫీతో క్యాన్సర్ అన్న శీర్షికలు వచ్చాయి. అక్రిలమైడ్ వేయించిన బంగాళాదుంపలలోనూ, మాడిన రొట్టెలోనూ ఉంటుంది. కాఫీ తాగేవారిలో క్యాన్సర్లు పెరిగినట్లు మానవ అధ్యయనాలు చూపనందున, 2019లో ఆ రాష్ట్ర ప్రభుత్వమే కాఫీకి మినహాయింపు ఇచ్చింది. తొమ్మిదేళ్లు కొండను తవ్వి ఎలుకను పట్టిన వ్యవహారమది. ఇలాంటి ఆరోపణలు అసలైన ఆరోపణలను పలచన చేస్తాయి.

క్యాన్సర్ గురించి నిజంగా పట్టించుకోవలసిన మాట వేరే ఉంది. 65 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడితో ఏ పానీయం తాగినా అన్నవాహికకు క్యాన్సర్ ముప్పు ఉండవచ్చునని 2016లో పైన చెప్పిన క్యాన్సర్ పరిశోధనా సంస్థే హెచ్చరించింది. దోషం కాఫీది కాదు, వేడిది. అదే వేడి ఒంటి మీద పడితే ఏమవుతుందో 2025 మార్చిలో లాస్ ఏంజెలెస్ న్యాయస్థానంలో తేలింది. మూడు వేడి కప్పులున్న అట్టలో ఒకదానిని సరిగా అమర్చక ఇవ్వడంతో అది ఒలికి తీవ్రంగా కాలిన ఒక బట్వాడా ఉద్యోగికి 5 కోట్ల డాలర్లు చెల్లించాలని జ్యూరీ తీర్పు చెప్పింది. అప్పీలుకు వెళతామని సంస్థ ప్రకటించింది. ఆ మొత్తం సబబో కాదో న్యాయస్థానాలు చూసుకుంటాయి. తాగేవారు మాత్రం చేతికి రాగానే గుటకవేయక, ఐదారు నిమిషాలు ఆగడం మంచిది.

పాలు పడని వారికి జరిమానా

ప్రపంచ జనాభాలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి పెద్దయ్యాక పాలలోని లాక్టోజును అరిగించుకునే శక్తి తగ్గుతుంది. మన దేశంలో ఉత్తరాదివారికన్నా దక్షిణాదివారిలో ఇది ఎక్కువ. వారికి పాలు తాగితే ఉబ్బరం, కడుపునొప్పి, విరేచనాలు. అటువంటివారు సోయా, ఓట్స్, బాదం పాలతో కాఫీ కోరితే స్టార్‌బక్స్ అమెరికాలో అదనపు రుసుము వసూలు చేస్తూ వచ్చింది. ఇది శరీర తత్త్వానికి వేసిన జరిమానా అంటూ 2024 మార్చిలో కాలిఫోర్నియాలో కొందరు దావా వేశారు. ఆ ఏడాది నవంబరులో సంస్థ ఆ రుసుమును ఎత్తివేసింది. గమనించవలసినదేమంటే, బ్రిటన్‌లో 2022 జనవరిలోనే దానిని తొలగించింది. ఒక దేశంలో అనవసరమని తేలిన రుసుమును మరొక దేశంలో దాదాపు మూడేళ్లు వసూలు చేసింది.

ఖజానా, కార్మికుడు, రైతు

పన్నుల సంగతి వైద్యుని కెందుకని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. 2012లో రాయిటర్స్ వార్తాసంస్థ ఒక లెక్క బయటపెట్టింది. 1998లో బ్రిటన్‌లో అడుగుపెట్టిన స్టార్‌బక్స్ అప్పటినుంచి అక్కడ 300 కోట్ల పౌండ్లకు పైగా అమ్మకాలు జరిపి, చెల్లించిన కార్పొరేషన్ పన్ను 86 లక్షల పౌండ్లు. పెట్టుబడిదారులకు బ్రిటన్ వ్యాపారం లాభసాటి అని చెబుతూ, పన్ను అధికారులకు నష్టాలు చూపింది. చట్టాన్ని అతిక్రమించిందని ఎవరూ అనలేదు. పార్లమెంటు కమిటీ సభ్యులు నిలదీసి, ప్రజలు దుకాణాల ముందు నిరసన తెలిపాక, రెండేళ్లలో 2 కోట్ల పౌండ్లు చెల్లిస్తామని సంస్థ ముందుకొచ్చింది. పన్ను అనేది ఎవరికి తోచినప్పుడు వారు వేసే చందా కాదు కదా! నెదర్లాండ్స్ ఇచ్చిన పన్ను వెసులుబాటు అక్రమమని 2015లో ఐరోపా కమిషన్ చేసిన నిర్ణయాన్ని 2019లో అక్కడి న్యాయస్థానం కొట్టివేసిందన్నది కూడా చెప్పడం న్యాయం.

బ్రిటన్‌లో ప్రజలకు ఉచిత వైద్యం అందేది పన్నుల సొమ్ముతోనే. తీపి పానీయాలు తాగి మధుమేహం తెచ్చుకున్నవానికి మందు ఇచ్చేది ఆ ఖజానాయే. తీపి అమ్మిన లాభం ఒకరిది, రోగం నయం చేసే ఖర్చు అందరిది అయినప్పుడు వైద్యుడు నోరు మెదపక తప్పదు.

కార్మికుల విషయమూ ఆరోగ్యానికి దూరమైనది కాదు. అర్ధరాత్రి దుకాణం మూసిన మనిషినే తెల్లవారుజామున తెరవడానికి పిలిచే పద్ధతిని 2014 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. పసిబిడ్డల తల్లులు వారంలో ఏ రోజు ఎన్ని గంటల పని ఉంటుందో తెలియక ఎలా నలిగిపోతున్నారో రాసింది. సంస్థ వెంటనే మార్పులు ప్రకటించింది. 2018 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియా శాఖలో స్నేహితుని కోసం వేచివున్న ఇద్దరు నల్లజాతి యువకులను పోలీసులతో అరెస్టు చేయించినప్పుడు లోకం భగ్గుమన్నది. ఏడు వారాలలోపే ఎనిమిది వేలకు పైగా దుకాణాలను ఒక మధ్యాహ్నం మూసి సిబ్బందికి శిక్షణ ఇచ్చారు. తలచుకుంటే ఈ సంస్థ ఎంత త్వరగా మారగలదో అది రుజువు. 2021 డిసెంబరులో బఫెలో నగరంలో తొలి కార్మిక సంఘం ఏర్పడి, 2024 నాటికి ఐదు వందలకు పైగా దుకాణాలకు విస్తరించినా, ఆ ఏడాది ముగిసేదాకా తొలి ఒప్పందం కుదరలేదు. అదే ఏడాది ప్రధాన అధికారి వార్షిక వేతనం మధ్యస్థ ఉద్యోగి వేతనానికి 6,666 రెట్లని సంస్థే తన నివేదికలో ప్రకటించింది. ఆ మధ్యస్థ ఉద్యోగి పూర్తికాలపు ఉద్యోగి కాకపోవచ్చు. ఆ అంకె మాత్రం సిగ్గుపడవలసినదే.

ఇక గింజ పండించినవారు. కాఫీకి జన్మభూమి అయిన ఇథియోపియా 2005లో తన సిడామో, హరార్, యిర్గచెఫే కాఫీల పేర్లకు అమెరికాలో వాణిజ్యచిహ్నాలు కోరింది. ఆ పేర్లకు వచ్చే ధరలో రైతుకు ఎక్కువ వాటా దక్కించుకోవడం దాని ఉద్దేశం. భౌగోళిక ధృవీకరణే మేలంటూ స్టార్‌బక్స్ అంగీకరించలేదు. ఆక్స్‌ఫామ్ సంస్థ ప్రచారోద్యమం నడిపాక, 2007లో ఒప్పందానికి వచ్చింది. నైతికంగా సేకరించిన కాఫీ అన్న ప్రకటన వినియోగదారులను తప్పుదారి పట్టిస్తున్నదంటూ 2024 జనవరిలో నేషనల్ కన్స్యూమర్స్ లీగ్ వాషింగ్టన్‌లో దావా వేసింది.

ఈ ఉదంతాలను వరుసగా పేర్చి చూడండి. పన్ను లెక్క, పనిగంటల లెక్క, పాల రుసుము, రైతు వాటా. ప్రతిచోటా బయటివారు కొలిచి చూపారు, ఆ తరువాతనే సంస్థ కదిలింది, లేదా కదలవలసి వచ్చింది. మరి చక్కెర, కెఫీన్ లెక్కలు మాత్రం అడగకుండానే సరిదిద్దుకుంటుందని ఎందుకు నమ్మాలి?

"ఇష్టమైనవారు తాగుతారు, మీకేమి?"

నా వాదానికి ఎదురయ్యే ప్రశ్న ఇదే. ఎవరినీ బలవంతంగా తాగించడం లేదు, పెద్దవాళ్లకు తమ మేలు తమకు తెలుసు అంటారు. నిజమే, ఇష్టాన్ని నేను గౌరవిస్తాను. పండుగనాడు జాంగ్రీ తినేవారిని నేను అడ్డుకోను, ఎందుకంటే జాంగ్రీ తానొక మిఠాయినని దాచుకోదు. తెలిసి చేసుకున్న ఎంపికనే స్వేచ్ఛ అంటారు. కాఫీ తాగుతున్నానని అనుకుంటూ మిఠాయి తాగడం స్వేచ్ఛ కాదు.

సంస్థ చేసిన మేళ్లను కూడా కాదనను. అమెరికాలో వారానికి ఇరవై గంటలు పనిచేసే పాక్షిక ఉద్యోగులకు సైతం 1988 నుంచే ఆరోగ్య బీమా ఇస్తున్నది. ఉద్యోగి ఆరోగ్యం గురించి అంత ముందుచూపు ఉన్న సంస్థకు, కొనేవారి ఆరోగ్యం గురించి తెలియదని ఎలా అనుకోగలం? తెలిసి చెప్పకపోవడమే నా ఆక్షేపణ.

మన సంగతి

స్టార్‌బక్స్‌ను ఉదాహరణగా తీసుకున్నది అది పెద్దది కనుక, దాని లెక్కలు బయట దొరుకుతాయి కనుక. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వీధులలో వెలసిన స్వదేశీ కాఫీ దుకాణాల శీతల కాఫీలూ ఈ విషయంలో దానికి తీసిపోవు. మన ఇంటి ఫిల్టరు కాఫీ కూడా రెండు చెంచాల పంచదారతో రోజుకు నాలుగుసార్లు తాగితే నిర్దోషి కాదు. ఒక్కటే తేడా: అక్కడ చెంచా మన చేతిలో ఉంటుంది.

2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం ప్రకారం మన దేశంలో మధుమేహులు 10.1 కోట్ల మంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత. కాఫీ, టీలలోని పదార్థాలు ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. అందుకే భోజనానికి గంట ముందు, గంట తరువాత వాటిని మానుకోమని జాతీయ పోషకాహార సంస్థ చెబుతున్నది. భోజనం బదులు పెద్ద కప్పు కాఫీ, ఒక తీపి రొట్టెతో పూట గడిపే కళాశాల విద్యార్థినులకు ఈ మాట ఎవరు చెబుతారు?

మన చట్టం సగం దారి నడిచింది. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020 నిబంధనల ప్రకారం పది, అంతకు మించి శాఖలున్న ఆహారశాలలు మెనూలో ప్రతి పదార్థానికి ఎదురుగా కెలోరీలు చూపాలి. మిగిలిన పోషక వివరాలు కోరినవారికి ఇవ్వాలి. కానీ కెలోరీల అంకెలో పాల కొవ్వు, మీగడ, చక్కెర అన్నీ కలగలిసి ఉంటాయి. మధుమేహికి కావలసింది చక్కెర గ్రాములు, గర్భిణికి కావలసింది కెఫీన్ మిల్లీగ్రాములు. ఆ రెండు అంకెలూ ధర పక్కనే, ధరంత పెద్ద అక్షరాలతో ఉండాలన్నది నా డిమాండు. చిన్న కప్పు పట్టికలో మొదటి వరుసలో ఉండాలి. చక్కెర పాకం అడిగినవారికే వేయాలి.

చట్టం వచ్చేదాకా మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. అన్నిటికన్నా చిన్న కప్పు ఏదని అడగండి, పట్టికలో లేకపోయినా అడగండి. పాకం, మీగడ వద్దని ముందుగానే చెప్పండి. ఇందులో చక్కెర ఎన్ని గ్రాములని ప్రతిసారీ అడగండి. అక్కడి పిల్లలపై విసుక్కోకండి, జవాబు దాచింది వారు కాదు. మధ్యాహ్నం రెండు దాటాక పెద్ద కప్పు జోలికి పోకండి. గర్భిణులు, అదుపులో లేని రక్తపోటు, గుండె దడ, ఆమ్లపిత్తం ఉన్నవారు తమ వైద్యుని అడిగి మోతాదు నిర్ణయించుకోండి. పిల్లలకు ఈ పానీయాలు పుట్టినరోజు కానుకలు కానేకావు.

అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మన్యంలో ఆదివాసీ రైతులు చెట్ల నీడన పెంచి, చేత్తో ఏరి, ఎండబెట్టిన గింజ అది. దాని రుచి నాలుకకు తెలియాలంటే ముందు చక్కెర తెర తొలగాలి. మంచి గింజకు ఇరవై ఐదు చెంచాల చాటు అవసరం లేదు.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. కాఫీ దుకాణం అమ్మ కాదు, అడిగినా ఒకంతట పెట్టదు. కనుక పదిమందీ కలిసి, పదేపదే అడగాలి. ఈ సంస్థ చరిత్ర చెబుతున్నది కూడా అదే: అడిగిన ప్రతిచోటా ఎంతో కొంత కదిలింది. ఈసారి కప్పు మీద పేరు రాయబోయే చేతితో చెప్పండి: నా పేరు నాకు తెలుసు, దీనిలో ఏముందో అది రాయండి.